‘అనంత’ శబ్దం: నామం, ఆకాశం, గణన – ఒక అర్థచరిత్ర

‘అనంతం’ అనగానే నేటి తెలుగు పాఠకునికి స్ఫురించే అర్థం ఒక్కటే. హద్దు లేనిది, లెక్కకు అందనిది. గణిత పాఠ్యపుస్తకం, ఖగోళ విజ్ఞాన వ్యాసం, ఆధ్యాత్మిక ప్రసంగం, వచన కవిత – ఇవన్నీ ఈ మాటను ప్రధానంగా ఈ అర్థంలోనే వాడుతున్నాయి. అది సాధువైన అర్థమే. అయితే పూర్వగ్రంథాలలో, శాసనాలలో, ఊళ్ల పేర్లలో ఈ శబ్దం కనిపించినప్పుడల్లా ఇదే అర్థాన్ని దానికి అంటగట్టడం వల్ల చరిత్రను చదవడంలో కొన్ని చిక్కులు ఏర్పడుతున్నాయి. ఒక మనిషి పేరుతో వెలసిన చెరువు ‘అంతులేని సముద్రం’గా మారిపోతుంది. ఒక సున్న ‘అపరిమిత రాశి’గా కనిపిస్తుంది. తెలుగు నేలపై ‘అనంత’ శబ్దం ప్రధానంగా ఒక నామంగా జీవించిందనీ, గణనవాచకంగా సామాన్య విద్యావంతుని వాడుకలోకి రావడం ఆధునిక విద్యతోనే జరిగిందనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విగ్రహవాక్యంలోని చిక్కు

వ్యాకరణరీత్యా ‘అనంత’ నఞ్ బహువ్రీహి. అంతం లేనిది ఏదో అది అనంతం. బహువ్రీహి కనుక ఈ పదం స్వభావసిద్ధంగా విశేషణం. ఏ విశేష్యం పక్కన నిలిస్తే దాని లింగాన్ని ధరిస్తుంది. సంస్కృతంలో పుంలింగంలో ఒక రూపం, స్త్రీలింగంలో దీర్ఘాంతమైన మరొక రూపం, నపుంసకంలో ఇంకొకటి ఏర్పడతాయి. హద్దులేనితనం అనే భావాన్ని చెప్పడానికి సంస్కృతంలో ‘ఆనంత్యం’ అనే వేరొక పదముంది. తెలుగులో ఈ భావవాచకం శాస్త్రగ్రంథాలు దాటి వ్యాపించలేదు. ఆ లోటును పూరించడానికే కాబోలు, విశేషణమైన ‘అనంతం’ చేత మనం భావవాచకం పని కూడా చేయిస్తున్నాం.

తెలుగులోకి వచ్చిన తరువాత ఈ శబ్దం రెండు పాయలుగా చీలింది. మహద్వాచకమైతే ‘అనంతుడు’, అమహద్వాచకమైతే ‘అనంతము’. ప్రత్యయం ఉన్నంత వరకు సందేహానికి తావు లేదు. సమాసంలో చేరిన వెంటనే డుమంత ముమంత భేదం మాయమవుతుంది. ‘అనంతసాగరం’ అన్నప్పుడు అది అనంతమైన సాగరమా, అనంతుని సాగరమా? మొదటిదైతే విశేషణ పూర్వపద కర్మధారయం, రెండవదైతే షష్ఠీ తత్పురుషం. శబ్దస్వరూపం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పదు. చరిత్ర మాత్రమే చెప్పాలి. ఈ వ్యాసంలోని ప్రధాన సమస్య ఇదే.

ఇక్కడ దేశ్య వ్యవహారాన్ని కూడా ఒకసారి చూడాలి. సంస్కృత ‘అంత’ శబ్దం తెలుగులో ‘అంతు’గా మారి నిత్యవ్యవహారంలో స్థిరపడింది. అంతు చిక్కదు, అంతు పట్టదు, అంతు చూస్తాను, అంతూ పొంతూ లేదు. వీటిలో ‘అంతు’ కేవలం చివర కాదు. లోతు, మర్మం, అదుపు అనే అర్థాలు దానికి వచ్చి చేరాయి. సామాన్యులు హద్దులేనితనాన్ని చెప్పవలసినప్పుడు ‘అంతులేని’, ‘మేరలేని’, ‘తుదిలేని’, ‘లెక్కలేనన్ని’ అంటారే తప్ప ‘అనంతమైన’ అనడం అరుదు. అంతులేని దుఃఖం, అంతులేని ఆశ, లెక్కలేనన్ని సార్లు – ఇవి నోటి మాటలు. ‘అనంతం’ చదువుకున్న మాట. మరొక ముచ్చట కూడా ఉంది. తెలుగులోని ‘అంత’, ‘ఇంత’, ‘ఎంత’ అనేవి పరిమాణాన్ని తెలిపే దేశ్య శబ్దాలు. వాటికి సంస్కృత ‘అంత’తో సంబంధం లేదు. తెలుగువానికి ‘అంతా’ అంటే సర్వం. సంస్కృతంలో ‘అంతం’ అంటే ముగింపు. ఒకే ధ్వని ఒక చోట సమస్తాన్నీ మరొక చోట సమాప్తినీ సూచించడం యాదృచ్ఛికమే గాని, విద్యార్థులు ఈ రెంటినీ ఒకే ధాతువుకు ముడిపెట్టే పొరపాటుకు అది దారితీస్తూనే ఉంది.

నిఘంటువులో అనంతం: ఆకాశం, భూమి, పాము, గరిక

తెలుగుదేశంలో సంస్కృత పదసంపద వ్యాప్తికి అమరకోశం ఎంతగా తోడ్పడిందో వేరుగా చెప్పనక్కరలేదు. ‘గురుబాలప్రబోధిక’ వంటి తెలుగు వ్యాఖ్యలతో అది వీథిబడుల దాకా చేరింది. ఆ కోశంలో ‘అనంత’ శబ్దం ఒక భావంగా గాక, ప్రత్యక్షంగా కనిపించే వస్తువులకు పేరుగా పలుచోట్ల ఎదురవుతుంది. నపుంసకంలో అది ఆకాశ పర్యాయాలలో ఒకటి. స్త్రీలింగంలో భూమి పర్యాయాలలో చేరింది. పుంలింగంలో శేషునికి పేరు. ఓషధి వర్గంలో దీనికి మరింత విస్తృతి కనిపిస్తుంది. సుగంధిపాల, గరిక, దురాలభ, అగ్నిశిఖ – ఈ మొక్కలన్నిటికీ ‘అనంత’ అనే పేరు ఉంది. సుగంధిపాల వేరును నేటికీ మూలికల వ్యాపారులు ‘అనంతమూలం’ పేరుతో అమ్ముతున్నారు. గరికకు ఈ పేరు ఎందుకు వచ్చిందో రైతుకు చెప్పనక్కరలేదు. పీకిన కొద్దీ కణుపుల నుంచి అది మళ్లీ మొలుస్తూనే ఉంటుంది.

ఈ అర్థాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. కోశకారుని దృష్టిలో ‘అనంత’ అనేది లోకాతీతమైన దేనినో సూచించే మాట కాదు. తల ఎత్తితే కనిపించే ఆకాశం, కాలి కింద ఉన్న నేల, ఆ నేలను మోస్తున్నదని నమ్మిన పాము, ఆ నేల మీద మొలిచే గడ్డి – వీటికి అది పేరు. హద్దు కనబడని వస్తువుకు హద్దు లేదన్న గుణాన్ని పేరుగా పెట్టడం జరిగింది. పేరుగా స్థిరపడిన తరువాత గుణం వెనక్కు తగ్గింది.

శేషుని విషయంలో మరొక విశేషం గమనార్హం. ఒకే నాగునికి ‘శేషుడు’, ‘అనంతుడు’ అనే రెండు పేర్లు ఉన్నాయి. ప్రళయానంతరం మిగిలినవాడు శేషుడు, ముగింపు లేనివాడు అనంతుడు. తెలుగు బడిలో భాగహారం నేర్చే పిల్లవాడు భాగించగా మిగిలినదాన్ని ‘శేషం’ అంటాడు. పై తరగతులకు వెళ్లాక ‘అనంతం’ అనే మాటను కలుసుకుంటాడు. మిగులు, అపరిమితం అనే రెండు గణిత భావాలకు ఒకే పాము పేర్లు దక్కాయన్నమాట. తిరుమల నుంచి శ్రీశైలం దాకా సాగే కొండల వరుసను శేషుని శరీరంగా భావించే సంప్రదాయం కూడా ఈ నామపరంపరకు చెందినదే. తిరుమల తల, అహోబిలం నడుము, శ్రీశైలం తోక అని దాని వివరణ. అంతంలేనివానికి ఇక్కడ తలా తోకా రెండూ గుర్తించారు.

ఆకాశం నుంచి సున్న దాకా

వేదాంతులు ఈ శబ్దాన్ని మరింత కఠినంగా పరీక్షించారు. తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మలక్షణ వాక్యంలో ‘అనంత’ పదం ఉంది. దానికి భాష్యం రాస్తూ శంకరులు ఆనంత్యాన్ని మూడు విధాలుగా విభజించారు. దేశం వల్ల, కాలం వల్ల, వస్తువు వల్ల ఏర్పడే పరిమితులు లేకపోవడమే అనంతత్వం. ఈ సందర్భంలో ఆయన తీసుకున్న ఉదాహరణ ఆకాశం. ఆకాశానికి దేశపరిమితి లేదు. అయినా అది పుట్టినది కాబట్టి దానికి కాలపరిమితి ఉంది. ఇతర వస్తువులు దానికి భిన్నంగా ఉన్నాయి కాబట్టి వస్తుపరిమితి కూడా ఉంది. ఈ లెక్కన ఆకాశం మూడింట ఒక వంతు మాత్రమే అనంతం. అమరకోశం ‘అనంతం’ అని పేరు పెట్టిన వస్తువుకు ఆ పేరు పూర్తిగా తగదని భాష్యకారుని వాదం నుంచి తేలుతుంది. పేరుకూ అర్థానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని పూర్వులు గుర్తించారనడానికి ఇదొక ముఖ్యమైన ఆధారం.

గణిత, జ్యోతిష గ్రంథాలలోనూ శాసనాలలోనూ ఆకాశార్థం మరొక దారి పట్టింది. అంకెలను పదాలతో చెప్పే భూతసంఖ్యా పద్ధతిలో ఆకాశవాచకాలన్నీ సున్నకు సంకేతాలు. ఖ, గగన, అంబర, వియత్ వంటి పదాలతో పాటు ఆకాశార్థంలో ‘అనంత’ కూడా సున్నకే చెందుతుంది. భూవాచకాలు ఒకటికి సంకేతం. నాగవాచకాలు, అష్టనాగుల లెక్కన, ఎనిమిదికి సంకేతం. హద్దులేనితనాన్ని చెప్పే మాట సంఖ్యాస్థానంలో శూన్యాన్ని చెప్పడం నేటి పాఠకునికి వింతగా తోచవచ్చు. ఆకాశం అనే మధ్యమెట్టు తెలిస్తే వింత ఏమీ లేదు.

ఇందువల్ల కలిగే చిక్కును ఒక కల్పిత ఉదాహరణతో చూద్దాం. ఒక శాసనంలో శకవర్షాన్ని ‘రామ–అనంత–బాణ–ఇందు’ అని చెప్పారనుకుందాం. రామ అంటే 3, బాణ అంటే 5, ఇందు అంటే 1. అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. ‘అనంత’ను ఆకాశమని గ్రహిస్తే శకం 1503. భూమి అని గ్రహిస్తే 1513. నాగమని భ్రమిస్తే 1583. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 80 సంవత్సరాల తేడా, అంటే మూడు తరాలు. స్త్రీలింగ రూపానికి దీర్ఘం ఉంటుంది కాబట్టి భూమి అన్న అర్థాన్ని అక్షరమే పట్టివ్వాలి. లేఖకుడు దీర్ఘాన్ని వదిలివేస్తే ఆ ఆధారమూ పోతుంది. అప్పుడు మిగిలేది సంవత్సరనామం. ప్రభవాది చక్రం అరవై ఏళ్లది కాబట్టి పై మూడు సంవత్సరాలకూ మూడు వేర్వేరు పేర్లు వస్తాయి. శాసనంలో సంవత్సరనామం ఉంటే సందేహం తీరుతుంది. లేకపోతే వారం, తిథి, నక్షత్రాలను గణించి సరిచూడవలసిందే. శాసన పరిష్కర్తకు ‘అనంత’ శబ్దార్థం కేవలం కావ్యరసికతకు సంబంధించిన విషయం కాదు.

సున్నకూ అనంతానికీ ఉన్న బంధుత్వం భాస్కరాచార్యుని బీజగణితంలో మరింత స్పష్టంగా బయటపడింది. ఒక రాశిని సున్నతో భాగిస్తే ఏమవుతుందన్న ప్రశ్నపై భారతీయ గణితజ్ఞులు ఏకాభిప్రాయానికి రాలేదు. 628లో బ్రహ్మగుప్తుడు దానికి ఒక పేరు పెట్టి ఊరుకున్నాడు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు ఆ రాశి మారకుండా అలాగే ఉంటుందన్నాడు. 12వ శతాబ్దిలో భాస్కరుడు దానిని ‘ఖహరం’ అన్నాడు. ‘ఖ’ అంటే ఆకాశం, అంటే సున్న. అది హారంగా గల రాశి ఖహరం. ఆ రాశికి ‘అనంత’ అనే విశేషణం చేర్చాడు. దానికి ఏమి కలిపినా దాని నుంచి ఏమి తీసివేసినా మార్పు ఉండదని చెబుతూ, సృష్టి ప్రళయకాలాలలో ప్రాణికోటి వెలువడినా లీనమైనా వికారం పొందని అచ్యుతునితో పోల్చాడు. ఒకే ప్రకరణంలో ‘అనంత’ శబ్దం రాశికి విశేషణంగానూ దేవునికి విశేషణంగానూ వచ్చింది. ఈ పోలికను భక్తి ప్రదర్శనగా కొట్టివేసేవారున్నారు. అది సరికాదని ఈ వ్యాసరచయిత అభిప్రాయం. కలపడం తీసివేయడం వల్ల మారకపోవడమే ఆ రాశి ప్రధాన లక్షణం. ఆ లక్షణాన్ని చదువరి మనసుకు తట్టేలా చెప్పడానికి భాస్కరునికి అందుబాటులో ఉన్న ఉపమానాలలో అంతకంటె కచ్చితమైనది దొరకదు.

ఇక్కడ తెలుగు సాహిత్య చరిత్రకు ఒక ముడి ఉంది. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్రరచనకు ఆద్యమైన కృతులలో అది ఒకటి. అంటే తెలుగులో లెక్కల చదువుకు తొలినాటి ఆధారం, సున్నతో భాగించినా రాశి మారదన్న సంప్రదాయం నుంచి వచ్చినది. ఖహరాన్ని అనంతరాశిగా నిర్వచించిన సంప్రదాయం నుంచి కాదు. గణనార్థంలో ‘అనంతం’ తెలుగులో ఆలస్యంగా వేళ్లూనడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

జైనుల విభజన

అనంతాన్ని అందరికంటె ఓపికగా లెక్కించినవారు జైనులు. వారి అనుయోగద్వార సూత్రం సంఖ్యలను సంఖ్యాతం, అసంఖ్యాతం, అనంతం అని మూడు తరగతులు చేసింది. అసంఖ్యాతానికీ అనంతానికీ మధ్య గీత గీయడం ఇందులోని ముఖ్యాంశం. లెక్కించలేనిదంతా అనంతం కాదు. లెక్కకు మించినా ముగింపు ఉన్నది అసంఖ్యాతం. అనంతంలో కూడా పరీత, యుక్త, అనంతానంత భేదాలున్నాయి. ‘లెక్కలేనన్ని’, ‘అంతులేనన్ని’ అనే మాటలను పర్యాయాలుగా వాడే మనకు ఈ విభజన నేటికీ పనికివస్తుంది.

మన సమస్యకు ఇంతకంటె ఉపకరించేది వీరసేనుని ధవళ. షట్ఖండాగమంపై ఆయన రాసిన ఈ వ్యాఖ్య 816లో పూర్తయింది. అందులో ‘అనంత’ శబ్దం ప్రయోగింపబడే తీరులను పదకొండుగా విడదీశాడు. వాటిలో మొదటిది నామానంతం, అంటే పేరుకు మాత్రమే అనంతమైనది. రెండవది స్థాపనానంతం, ఒక వస్తువునందు ఆరోపించిన అనంతం. గణనకు సంబంధించిన గణనానంతం ఈ పదకొండింటిలో ఒకటి మాత్రమే. ఒక దిక్కుగా సాగే ఏకానంతం, రెండు దిక్కులా సాగే ఉభయానంతం, తలంగా పరచుకునే విస్తారానంతం వంటివి వేరుగా ఉన్నాయి. తాను దేనిని గురించి మాట్లాడుతున్నాడో పాఠకునికి సందేహం రాకూడదని వీరసేనుడు ఈ శ్రమ పడ్డాడు. పన్నెండు వందల ఏళ్ల కిందటి ఈ జాగ్రత్త, ‘అనంత’ అని కనిపించిన ప్రతిచోటా అపరిమితత్వాన్ని చదివే మన అలవాటుకు మంచి విరుగుడు. తెలుగు నేలపై ఈ శబ్దానికి కనిపించే ప్రయోగాలలో అధికభాగం వీరసేనుని మొదటి రెండు తరగతులలోకే వస్తాయి.

స్థాపనానంతానికి అనంతపద్మనాభ వ్రతం కంటె మంచి ఉదాహరణ లేదు. ఇది భాద్రపద శుద్ధ చతుర్దశి నాటి వ్రతం. దర్భలతో శేషుని రూపం చేసి పూజిస్తారు. పద్నాలుగు ముడుల తోరం కట్టుకుంటారు. పద్నాలుగేళ్లు ఆచరించి ఉద్యాపన చేస్తారు. ముగింపు లేనివాని వ్రతానికి ముడులూ లెక్కే, ఏళ్లూ లెక్కే. వ్రతకథలో ధర్మరాజు వేసే ప్రశ్న మన చర్చకు చాలా దగ్గరగా ఉంది. ఈ అనంతుడెవరు, శేషుడా, తక్షకుడా, పరబ్రహ్మమా అని అతడు అడుగుతాడు. తానే అనంతుడననీ, కాలమే తన రూపమనీ కృష్ణుడు చెబుతాడు. ‘అనంత’ అంటే ఏమిటన్న సందేహం నేటి పరిశోధకులకు కొత్తగా వచ్చినది కాదు. వ్రతం చేసుకునే ఇంట ఏటేటా ఆ ప్రశ్న వినిపిస్తూనే ఉంది. ఆ కథలోని కౌండిన్యుడు భార్య సుశీల చేతి తోరాన్ని నిప్పులో పడవేసి, సంపద పోగొట్టుకొని, అడవిలో చెట్టునూ ఆవునూ ఏనుగునూ అనంతుని జాడ అడుగుతూ తిరుగుతాడు. అతడు వెదికేది ఒక వ్యక్తిని, హద్దులేని ఒక భావాన్ని కాదు. జైనులకు పద్నాలుగవ తీర్థంకరుడు అనంతనాథుడు. దిగంబరులకు కూడా అనంతచతుర్దశి పర్వదినం. పద్నాలుగు అన్న సంఖ్య రెండు సంప్రదాయాలలోనూ అనంత నామంతో కలిసి రావడం గుర్తుంచుకోదగినదే గాని, అంతమాత్రం చేత ఒకటి మరొకదాని నుంచి వచ్చిందనడం తొందరపాటు.

మనుషుల పేర్లు, చెరువుల పేర్లు

ఇక నామానంతం. 1078లో రాజ్యానికి వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు తెలుగు, ఒడియా ప్రాంతాల చరిత్ర రెండింటిలోనూ ప్రముఖుడు. ముఖలింగం శాసనాలు చదివేవారికి ఈ పేరు కొత్త కాదు. గాంగవంశంలో ఈ బిరుదనామం ధరించిన రాజులు ఒకరు కాదు, పలువురున్నారు. రామానుజుల శిష్యుడు, తిరుమలలో పుష్పకైంకర్యం చేసిన అనంతాళ్వాన్ మరొకరు. ఆయన తవ్విన చెరువు కథ, ఆయన గునపం కథ తిరుమల యాత్రికులకు తెలిసినవే. భోజరాజీయ కర్త అనంతామాత్యుడు ఇంకొకరు. ఆయన ఛందోదర్పణానికి ‘అనంతుని ఛందం’ అనే వ్యవహారనామం ఏర్పడింది. గణాలనూ యతిస్థానాలనూ హద్దులు గీసి చూపే శాస్త్రానికి ఈ పేరు దక్కింది. ఆ పేరు విని ఎవరూ ‘అంతులేని ఛందస్సు’ అని అర్థం చెప్పుకోలేదు. కవి ఎవరో తెలుసు కాబట్టి విగ్రహవాక్యం విషయంలో పొరపాటు జరగలేదు. కర్త ఎవరో మరుగున పడిన చోటనే పొరపాటు జరుగుతుంది.

అనంతపురం విషయంలో అదే జరిగిందనిపిస్తుంది. పండమేరుకు అడ్డుకట్ట వేసి విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు చెరువులు కట్టించాడనీ, బుక్కరాయసముద్రం, అనంతసాగరం అనే ఊళ్లు అప్పుడే ఏర్పడ్డాయనీ స్థానిక చరిత్రలు చెబుతున్నాయి. అనంతసాగరమే అనంతపురమైంది. పేరుకు మూడు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. అంతులేని సముద్రమంత చెరువు కాబట్టి అనంతసాగరమనేది ఒకటి. బుక్కరాయల రాణి పేరు మీద వచ్చిందనేది రెండవది. ఆ మంత్రి పూర్తి పేరు అనంతరస చిక్కవొడెయరు కాబట్టి అతని పేరే చెరువుకు వచ్చిందనేది మూడవది. రాణి వాదాన్ని అంగీకరించనివారు బుక్కరాయలకు ఆ పేరుగల రాణి లేదంటారు.

సాలీనా వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న సీమలో ‘అంతులేని సముద్రం’ అన్న వివరణకు ప్రజాదరణ లభించడం సహజం. కరవును గురించి రాసే పాత్రికేయులకు ఆ వైరుధ్యం సిద్ధంగా దొరుకుతుంది. అయితే చెరువుల నామకరణ పద్ధతి ఈ వివరణను బలపరచడం లేదు. మన ప్రాంతంలో ‘సముద్రం’, ‘సాగరం’ అనే ఉత్తరపదాలు చెరువును సూచించే జాతివాచకాలుగా మారిపోయాయి. పూర్వపదం సాధారణంగా కట్టించినవారినో, వారు గౌరవించినవారినో చెబుతుంది. గణపసముద్రం కాకతీయ గణపతిదేవుని పేరు. హుసేన్ సాగర్ హుసేన్ షా వలీ పేరు. పక్కనే ఉన్న బుక్కరాయసముద్రంలో పూర్వపదం నిస్సందేహంగా వ్యక్తినామం. ఒకే మంత్రి కట్టించినట్లు చెప్పే జంట చెరువులలో ఒకదానికి వ్యక్తినామం పెట్టి, రెండవదానికి మాత్రం ‘అంతులేని’ అనే విశేషణం పెట్టాడనుకోవడం కష్టం.

దీనికి తోడ్పడే బలమైన సాక్ష్యం కడప సీమలోని పోరుమామిళ్లలో ఉంది. శకం 1291, అంటే 1369లో బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు అక్కడ ఒక పెద్ద చెరువు కట్టించి శాసనం వేయించాడు. ఆ చెరువు పేరు అనంతరాజసాగరం. ‘రాజ’ శబ్దం మధ్యలో ఉండటం వల్ల విగ్రహవాక్యంలోని సందేహం దాదాపు తీరిపోతుంది. శేషుని నాగరాజు అంటారు గాని అనంతరాజు అని పిలవడం వాడుక కాదు. కన్నడంలో ‘అరస’ అంటే రాజు. అనంతపురం చెరువు వివరణలో వినిపించే ‘అనంతరస’, పోరుమామిళ్ల చెరువు పేరులోని ‘అనంతరాజ’ ఒకే నామానికి కన్నడ, సంస్కృత రూపాలు. ఇద్దరూ ఒకే వ్యక్తి అని తేల్చడానికి పేరు ఒక్కటే చాలదు. కాని ఒకే రాజు కాలంలో, పొరుగు సీమల్లో, రెండు పెద్ద చెరువులకు ఒకే నామం రావడం, ఒకచోట అది వ్యక్తినామమని స్పష్టంగా ఉండటం – ఈ రెండూ కలిసి అనంతసాగరాన్ని షష్ఠీ తత్పురుషంగా గ్రహించడానికే మొగ్గు చూపుతున్నాయి. తిరువనంతపురంలో అదే ‘అనంత’ శబ్దం దేవుని నుంచి నేరుగా ఊరికి వచ్చింది. మన అనంతపురానికి అది మనిషి మీదుగా వచ్చింది. అక్షరాలు ఒకటే అయినా దారులు వేరు.

పోరుమామిళ్ల శాసనాన్ని మరికొంచెం నిదానంగా చదవాలి. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, చెరువు కట్టడంలో పరిహరించవలసిన ఆరు దోషాలనూ అది వివరిస్తుంది. రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, దూరం నుంచి తియ్యని నీరు తెచ్చే నది, కొండలు, కట్టకు చాలిన రాయి – ఇలా సాగుతుంది ఆ పట్టిక. కట్ట పొడవు కొండలతో కలిపి 5000 రేఖాదండాలు, వెడల్పు 8, ఎత్తు 7. రోజుకు వెయ్యిమంది కూలీలు పనిచేశారు. రాళ్లు తోలడానికి నూరు బండ్లు పెట్టారు. పని రెండేళ్లు సాగింది. పేరులో అనంతం ఉన్న చెరువు గురించి ఇంత పరిమితంగా, ఇంత కచ్చితంగా కొలతలు చెప్పిన శాసనం మరొకటి చూపడం కష్టం. చెరువుకు అంతం ఎక్కడో, ఆ అంతం ఎంత మందంగా ఉంటే నీరు నిలుస్తుందో తెలిసినవారు దానిని కట్టించారు.

కొండల పేర్లలో ఇటువంటి చర్చకు అవకాశం తక్కువ. వికారాబాదు సమీపంలోని అనంతగిరి, అక్కడి అనంతపద్మనాభస్వామి ఆలయం వల్ల, దైవనామమని నిస్సందేహంగా చెప్పవచ్చు. మూసీనది పుట్టుక ఆ కొండల్లోనే.

పాఠ్యపుస్తకంలో

ఆధునిక గణితంలోని అనంతం వేరొక దారిన వచ్చింది. నేడు అందరికీ తెలిసిన అడ్డంగా పడుకున్న ఎనిమిది వంటి గుర్తును 1655లో జాన్ వాలిస్ ప్రవేశపెట్టాడు. 19వ శతాబ్ది చివరి పాదంలో జార్జ్ కాంటర్ అనంతాలలో చిన్నాపెద్దా ఉన్నాయని నిరూపించాడు. ఈ గణితం ఇంగ్లీషు ద్వారా మన విద్యాలయాలకు చేరింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో వెలువరించడంతో పారిభాషిక పదాల అవసరం పెరిగింది. అప్పటికే నిఘంటువులలో సిద్ధంగా ఉన్న ‘అనంత’ శబ్దాన్ని స్వీకరించడం సహజమే. అయితే పాఠ్యపుస్తకాల వాడుక ఒకే తీరుగా లేదు. సమీకరణాల జతకు ‘అనంత సాధనలు’ ఉంటాయి. సమితి మాత్రం ‘అపరిమిత సమితి’గానూ కనిపిస్తుంది. దశాంశ భిన్నం ‘అంతం కాని’ది అవుతుంది. ఇంగ్లీషులో సాధనలకూ సమితికీ వాడే విశేషణం ఒక్కటే కాగా తెలుగులో రెండు వాడుతున్నాం. దశాంశానికి వాడినది మూడవది.

దీనిని పరిభాషలోని అరాచకంగా భావించి ఏకరూపత తేవాలని కోరేవారున్నారు. కాని ఈ మూడు మాటలూ నిజంగా మూడు విషయాలను చెబుతున్నాయి. దశాంశం విషయంలో భాగహారం అనే ప్రక్రియ ఆగదు. శేషం సున్న కాదు. ఆ ఆగకపోవడాన్ని ‘అంతం కాని’ అన్న క్రియారూపం సరిగ్గా పట్టుకుంటుంది. సమితి విషయంలో ప్రక్రియ ఏదీ లేదు, మూలకాల పరిమితి లేకపోవడమే ఉంది. ‘అపరిమిత’ దానికి తగును. ‘అనంత సాధనలు’ అన్నప్పుడు మాత్రమే మాట వీరసేనుని గణనానంతానికి చేరువలోకి వస్తుంది. పరిభాషా సంఘాలు మరొకసారి ఈ పదాలను సమీక్షించే పక్షంలో, ‘అనంత’ అన్న ఒక్క శబ్దాన్ని మూడు చోట్లా పెట్టడానికి ముందు ధవళలోని పదకొండు భేదాల పట్టికను తిరగవేయడం మేలు.